తెల్ల కోటు

"వద్దు," అంటూ అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. సూది పట్టుకున్న నర్సు నావంక చూసింది.

"అక్కా, ఇది మా ఫ్యాక్టరీలో చేసే మందే. నానో మందు. నేరుగా నీ క్యాన్సరు గడ్డ దగ్గరికే పోతుంది, మిగతా ఒంటి జోలికి పెద్దగా రాదు."

"అంత మంచిదైతే మీరు ముసుగులూ తొడుగులూ వేసుకుని ముట్టుకుంటారెందుకు?"

నాకు నవ్వొచ్చింది. "అది పొడిగా ఉన్నప్పుడు. కంటికి ఆననంత సన్నం కదా, గాల్లోకి లేస్తే ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంటుంది. నీకు ఎక్కించేది నీళ్లలో కలిపింది. అది ఎగరదు."

అక్క కాస్త కుదుటపడింది. నర్సు మళ్లీ చెయ్యి అందుకుంది.

"మరి ఆ పొడి బట్టలకి అంటదా?"

"ఎందుకంటదు? అందుకే కోటు అక్కడే విప్పేసి..."

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న ఫ్యాక్టరీలో బట్టలుతికే మిషను పాడైంది. ఇంట్లో నానబెడదామని కోటు తెచ్చి, తలుపు వెనక తగిలించి మర్చిపోయాను.

"తలుపు వెనకున్న తెల్ల కోటా?" అంది అక్క నెమ్మదిగా.

తలూపాను.

"బుజ్జిది పొద్దుట్నుంచీ అదే వేసుకుని తిరుగుతోందే. డాక్టరమ్మట. అమ్మకి తనే నయం చేస్తుందట. మాసిందని దులిపి మరీ తొడిగాను."

ఇంట్లో కూతురి దగ్గరున్న బావకి ఫోను కలిపాను. మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

అక్క తనే చెయ్యి చాపి నర్సు ముందు పెట్టింది.

"నాకు పెట్టెయ్యమ్మా," అంది. తర్వాత నావైపు తిరిగింది. "ఇంకా నిలబడ్డావేంటే? ఇంటికి పో."