ఎరకు ఎదురెర

"తీసుకో అమ్మాయ్, ఈ బంటు నీకు ఊరికే ఇస్తున్నా" అన్నారు మామగారు, దానకర్ణుడి ముఖం పెట్టి.

కోడలు ఆ బంటు వైపు కన్నెత్తి చూడలేదు. తన మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు తోసి, ఆయన సైన్యానికి ఎదురుగా నిలబెట్టింది.

"మీరే ఇది తీసుకోండి మావయ్యగారూ. నాదీ ఊరికే."

"హారన్ కొట్టకుండా రాంగ్ సైడ్‌లో వచ్చేస్తున్నావే!" ఆయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. "దీన్నేమంటారు?"

"కౌంటర్ గాంబిట్‌ట. ఎర వేసినవాడికే ఎదురెర వెయ్యడం. లైబ్రరీ పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం రాసినవాడు మా డిపోలో పనిచేసి ఉంటాడు."

పుస్తకంలో అన్ని ఎత్తులుండగా ఆమె దీన్నే ఎంచుకోవడానికి వేరే కారణం ఉంది. నెమ్మదిగా సాగే ఆటల్లో పావులు ఎక్కడివక్కడే గంటసేపు బాసింపట్టు వేసుక్కూర్చుంటాయి. ఇందులో పదిహేను ఎత్తులయ్యేసరికి చెరో అరడజను పావులు నేలరాలతాయి. పావును కొట్టిన ప్రతిసారీ మామగారి చెయ్యి రెండుసార్లు లేవాలి. పోయినదాన్ని తీసి పక్కన పెట్టడానికి ఒకసారి, తనదాన్ని అక్కడ నిలపడానికి మరోసారి. అదీ కుడిచేత్తోనే. ఎనిమిది నెలల కిందట పక్షవాతం తాకి వెళ్ళిన చెయ్యి అది. గిన్నెలోంచి గోళీలు ఏరి ఇంకో గిన్నెలో వెయ్యమని ఫిజియోథెరపీ డాక్టరమ్మ చెబితే, "నేనేమన్నా పసివాణ్ణా?" అని ఆయన గోళీలన్నీ మంచం కిందికి దొర్లించేశారు. చదరంగం బల్ల వచ్చాక ఆ పేచీ లేదు.

అలా రోజూ నాలుగు నుంచి ఐదు దాకా ఆట. ఆ గంటా పొయ్యి అత్తగారిది.

"మీ రాజులూ మంత్రులూ చల్లగా ఉండాలి. నా మోకాళ్ళే యుద్ధంలో పోయేది" అని వంటింట్లోంచి ఆవిడ వాటా ఆవిడ వినిపిస్తూనే ఉంటారు.

ఈ ఇంటికొచ్చిన రెండేళ్ళలో, ఈ ఆట మొదలయ్యేదాకా, కోడలు పగటిపూట కూర్చోగా చూసినవాళ్ళు లేరు. "కాస్త నడుం వాల్చవే" అని అత్తగారంటే, "ఫర్వాలేదు అత్తయ్యగారూ" అంటూ తుడిచిన అలమరే మళ్ళీ తుడిచేది. ఊరికే కూర్చుంటే పరాయి సొమ్ము జేబులో వేసుకున్నట్టుండేది. చదరంగం అలా కాదు. ఇది వైద్యం.

చిక్కల్లా ఏమిటంటే, ఇవాళ డాక్టరమ్మ వచ్చి చెయ్యి చూస్తుంది. బాగైందంటే వైద్యం ఆగిపోతుంది. బాగవ్వాలనే ఆమె కోరిక, అందులో అనుమానం లేదు. కానీ ఆ తర్వాత ఏ వంకతో ఈ బల్ల ముందు కూర్చుంటుంది? రోజు మొత్తంలో ఆమెను ఎవరూ ఏ పనీ అడగని గంట ఇదొక్కటే. ఆ ఆలోచన వచ్చినందుకు తన్ను తానే తిట్టుకుని, గుర్రాన్ని ముందుకు దూకించింది.

డాక్టరమ్మ వచ్చేసరికి ఆట మంచి పట్టులో ఉంది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆపకండి. ఆ ఏనుగును తీసి అవతల పెట్టండి, చూద్దాం."

మామగారు ఏనుగును పట్టుకున్నారు. ఏనుగు జారి, దారిలో ఇద్దరు బంట్లను పడగొట్టి, కుర్చీ కిందికి దొర్లింది.

"పోయినసారి ఇంతకంటే నయమే!" అంది డాక్టరమ్మ. "నా వేళ్ళు నొక్కండి. గట్టిగా."

"ఇదే గట్టిగా అమ్మా" అన్నారాయన నీరసంగా.

"మానకండి. ఇంకో మూడు నెలలు, రోజూ గంట."

"మూడు నెలలా!" గుమ్మంలోంచి అత్తగారు గరిటెతో సహా ప్రత్యక్షమయ్యారు. "గంటేం సరిపోతుంది తల్లీ, గంటన్నర ఆడుకోమనండి! పొయ్యి దగ్గర నేనున్నానుగా!"

"గంటన్నరైతే మరీ మంచిది" అంది డాక్టరమ్మ, కాగితం మీద రాసేస్తూ.

"అదిగో, అడిగి మరీ తెచ్చుకున్నా" అంటూ అత్తగారు లోపలికి వెళ్ళిపోయారు.

కోడలికి ముందు గుండె తేలికైంది. ఆ వెంటనే, తేలికైనందుకు సిగ్గేసింది.

డాక్టరమ్మను సాగనంపే నెపంతో వీధి చివరిదాకా నడిచింది.

"నేనే సరిగ్గా ఆడించట్లేదేమోనండీ. నయం కావాల్సిన చెయ్యి ఇలా వెనక్కి పోతోందంటే..."

"మీ తప్పేం లేదు. గోళీలైతే ఇంకా తొందరగా పట్టు వస్తుంది. ఆయన వినరు కదా, అందుకే ఆటతో సరిపెట్టుకున్నాం. అయినా మీలాంటి కోడలు దొరకడం ఆయన అదృష్టం."

ఆ చివరి మాట ముల్లులా గుచ్చుకుంది. తిరిగొస్తూ దారి పొడుగునా లెక్క తేల్చుకుంది. తన ముచ్చట కోసం పెద్దాయన చెయ్యి పాడుకాకూడదు. రేపట్నుంచి చదరంగం బంద్. గంటన్నరా గోళీలే. ఆయన ఎంత గింజుకున్నా సరే, తను పక్కన నిలబడి ఏరించాల్సిందే. పోతే ఒక గంట పోయింది. అంతకుముందు అది లేకుండా బతకలేదా ఏం?

చెప్పాల్సిన మాటలు మనసులో రెండుసార్లు వల్లె వేసుకుంది. చెప్పులు విప్పి, దగ్గరగా వేసి ఉన్న తలుపును మెల్లగా తోసింది.

అత్తగారు పట్టుకున్న సూదిలోకి మామగారు కుడిచేత్తో, తడబాటన్నది లేకుండా, దారం ఎక్కిస్తున్నారు.