బొగ్గు గీతల గుడ్లు

సువార్తమ్మ పెరట్లో ఎర్రపెట్ట గంపలో గుడ్లు పొదుగుతోంది. చుక్కపెట్ట కూడా రోజూ అదే గంపలో గుడ్డు పెట్టి, ఊరంతా వినేలా అరిచేది. అందుకే సువార్తమ్మ పొదిగే గుడ్లకు బొగ్గుతో గీత పెట్టింది. గీత లేనివి కేకులోకి పోతాయి. గిన్నెలో ఇసుక పోసి కట్టెల పొయ్యి మీద ఆవిడ కాల్చే కేకు వాసన మా కాలేజీ పక్క బేకరీలోనూ ఎరగను. ఆ బేకరీ యజమాని మీసాల గురించి చెప్పాలనుంది గానీ, కోళ్లు ఆగవు.

"వదినా, నీ గుడ్లకు మసి పూశారేం? నావైతే ముత్యాల్లా ఉన్నాయని ఏరి మరీ పట్టుకెళ్తారు" అంది చుక్కపెట్ట.

ఎర్రపెట్టకు తల కొట్టేసినట్టయింది. గడ్డితో రుద్ది రుద్ది గీతలన్నీ చెరిపేసింది.

గోడ మీది ముసలి పుంజు అది చూసింది. "ఎంత పని చేశావే పిచ్చిదానా. ఆ గీతలే నీ పిల్లలకు కాపలా. అటు చూడు, ఆవిడ పిండి జల్లిస్తోంది. ఇక గుడ్ల కోసమే వస్తుంది."

ఎర్రపెట్ట ఒక్క ఉరుకున వెళ్లి, పొయ్యి పక్క బొగ్గుల కుప్పలో పొర్లి, తిరిగొచ్చి గుడ్ల మీద కూలబడింది. గుడ్లన్నీ నల్లబడ్డాయి.

సువార్తమ్మ వచ్చి చూసి, ఏ గుడ్డు ఏదో తేలక, "ఇదేం అవతారమే తల్లీ" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నిన్న తీసిన గుడ్లతోనే కేకు కానిచ్చింది.

పొదుగు మూడు వారాలు నిండేసరికి పదకొండు పిల్లలు ఎర్రపెట్ట వెంట కిచకిచలాడుతూ తిరిగాయి. చుక్కపెట్ట కాసేపు దూరంగా నిలబడి చూసింది. తర్వాత మెల్లగా దగ్గరికొచ్చి, "వదినా, ఆ బొగ్గులు ఎక్కడున్నాయన్నావు?" అని అడిగింది.