బరిలోకి దిగని మనిషి

పచ్చ దీపం వెలిగాకే దామోదర్ కారు ముందుకు కదిలింది.

అంతలో పక్క రోడ్డు మీంచి దూసుకొచ్చిన ట్రక్కు అతని కారును గుద్ది, స్తంభానికి కొట్టుకుంది. ట్రక్కు నడిపేవాడికి కాలు విరిగింది.

“రెడ్ లైట్‌లో వచ్చింది ఇతనే!” అని అరిచాడు వాడు.

పోలీసు ఆ మాటే రాసుకున్నాడు.

దామోదర్ బిత్తరపోయి చుట్టూ చూశాడు. మూల మీదున్న సైకియాట్రిస్ట్ క్లినిక్ మెట్ల మీద ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. టోపీ కళ్ళ దాకా దించుకున్నాడు.

దామోదర్ పరుగెత్తాడు.

“మీరు చూశారు కదా, సర్?”

“చూశాను. తప్పు మీది కాదు.”

“ఆ ముక్క పోలీసుకు చెప్పండి, ప్లీజ్!”

ఆయన క్లినిక్ బోర్డు కేసి చూశాడు.

“నేనిక్కడ ఉన్నానని చెప్పలేను. క్షమించండి.”

లోపలికి వెళ్ళిపోయాడు.

అది 1987 మార్చి. దామోదర్ వర్జీనియా వచ్చి ఏడాది కూడా కాలేదు.

“శిక్ష పడితే మీ గ్రీన్‌కార్డు ఏమవుతుందో చెప్పలేను. కేసు తేలేదాకా రాష్ట్రం దాటకండి” అన్నాడు లాయరు.

కారు నుజ్జయింది. అతనుండే షాంటిలీ ఊళ్ళో బస్సులు లేవు. ఎవరో ఒకరు ఆఫీసుకు తీసుకెళ్తే వెళ్ళడం, వచ్చి కిటికీ దగ్గర కూర్చోవడం.

అతని భార్య రేణు పురిటికి పక్క రాష్ట్రం నార్త్ కరోలినాలో అక్క దగ్గరికి వెళ్ళింది. పాప పుట్టిందన్న కబురు ఫోన్‌లో విన్నాడు.

“అచ్చం మీ పోలికేనండీ. ఎప్పుడొస్తారు?”

“ఒక్కడు నోరు విప్పితే ఈ పూటే వచ్చేవాణ్ణి” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

మే నెలలో లాయరు ఫోన్ చేశాడు.

“సాక్షి తనంతట తానే వచ్చి చెప్పాడు. కేసు ఎత్తేశారు.”

“ఎవరాయన?”

“పేరు బయటికి రానీయొద్దని కోరాడు.”

“ఇన్నాళ్ళు నన్ను బోనులో పెట్టి, ఇప్పుడా!” అన్నాడు దామోదర్.

రేణునూ పాపనూ కొత్త కారులో తెచ్చుకుంటున్న రోజున అదే సిగ్నల్ దగ్గర ఆగాడు. క్లినిక్ మెట్లు దిగుతున్న ఆ పెద్దాయన అతన్ని గుర్తుపట్టాడు. పాపను చూసి నవ్వి, ఏదో చెప్పబోతూ కారు దగ్గరికి వచ్చాడు.

దామోదర్ మొహం తిప్పుకుని అద్దం పైకెత్తేశాడు.

“ఎవరండీ ఆయన?” అంది రేణు.

“ఎవడో పిరికివాడు.”

ఆగస్టులో స్నేహితుడు శ్యామ్‌సుందర్ ఇంట్లో భోజనాలు. టీవీ ముందు అందరూ గుమిగూడారు. ప్రెసిడెంటు పదవికి తప్పక పోటీ చేస్తాడని దేశమంతా ఎదురుచూస్తున్న సెనేటరు ఒకాయన, పోటీ చేయనని ప్రకటిస్తున్నాడు.

“సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తున్నాడని పేపర్లో పడింది. ఇంకెవడు ఓటేస్తాడు?” అన్నాడు శ్యామ్‌సుందర్. “ఏళ్ళ తరబడి దాచుకున్నవాడు, తనే వెళ్ళి పోలీసులకు చెప్పుకున్నాడట! ఎవరిదో యాక్సిడెంట్ కేసులో. అక్కణ్ణుంచే పొక్కింది. సాక్ష్యం చెప్పకపోతే ఏం కొంప మునిగేదో!”

పాపను భుజాన వేసుకుని జోకొడుతున్న దామోదర్ చెయ్యి ఆగిపోయింది.

మెల్లగా టీవీ దగ్గరికి నడిచాడు.

మైకుల గుంపు మధ్య తల వంచుకుని నిలబడి ఉన్నది, తను మొహం తిప్పుకున్న ఆ పెద్దాయనే.