మూడు నుంచి నాలుగు దాకా

“ఇవాళే నా పేరు కొట్టేయించుకుంటాను,” అంటూ ప్రేమమణి చెప్పులేసుకుంది.

“ఇంకా ఆరు రోజులేగా. లాగించేయరాదూ!” అన్నాడు ఆమె భర్త పాల్, పేపరు దించకుండానే.

“మోకాళ్ళ మీద ఉంటాను, మనసేమో గ్యాసు సిలిండరు దగ్గరుంటుంది. దేవుణ్ణి ఇంకా ఎన్నాళ్ళు మోసం చేయమంటారు?”

“నిన్న గురక కూడా పెట్టావులే.”

ఆమె తలుపు గట్టిగా వేసి వెళ్ళిపోయింది.

ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలైననాడు చర్చిలో గొలుసు ప్రార్థనకు పేర్లు రాసి, ఫోన్లు, అడ్రసులతో అందరికీ ఒక కాగితం ఇచ్చారు. పగలంతా గంటకొకరు. తన గంట కాగానే తర్వాతివాళ్ళకు ఫోన్ చేసి అప్పజెప్పాలి. గొలుసు తెగకూడదు. మూడు నుంచి నాలుగు చిలకలగూడ జ్ఞానమణిది, నాలుగు నుంచి ఐదు ప్రేమమణిది.

జ్ఞానమణిని ఆమె ఎన్నడూ చూడలేదు. గొంతే తెలుసు. “వందనాలు ఆంటీ” అంటే ఆ గొంతు “ఆఁ, ఆఁ” అనేది. “నాలుగైందమ్మా. ఇగ నీ వంతు.” అంతే, ఫోను పెట్టేసేది.

ఒకనాడు ఉండబట్టలేక అడిగింది. “గంటసేపు ఎట్లా చేస్తారాంటీ ప్రార్థన?”

“ఏమున్నదమ్మా? కూసుంటా. గంటయ్యేదాంక లేవను.”

ఆ మాట విన్నప్పటి నుంచి ప్రేమమణికి స్థిమితం లేదు. తాను కళ్ళు మూస్తే టెన్త్ పిల్లల పేపర్లు, పక్కింటి కుక్కరు కూత. తెరిస్తే నాలుగూ పది. అంతటి భక్తురాలు అప్పజెప్పిన గంటను రోజూ పాడుచేస్తున్నానన్న బెంగ. అందుకే చర్చికి పోయేముందు ఆవిడకు చెప్పాలనుకుంది, రేపటి నుంచి తనను వదిలేసి ఐదింటివాళ్ళకే ఫోన్ చేయమని.

ఆటో చిలకలగూడ సందులో, జ్ఞానమణి ఇంటి ముందు ఆగేసరికి నాలుగుకు ఇంకా పది నిమిషాలున్నాయి. లోపల ప్రార్థన జరుగుతుంటుందని ఆమె తలుపు కొట్టలేదు. మెట్టు మీద కూర్చుంది. లేచింది. గోడకు ఆనుకుంది. మళ్ళీ కూర్చుంది.

సంచిలో ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకుంది.

“నాలుగైందమ్మా. ఇగ నీ వంతు.”

అదే మాట తలుపు వెనక నుంచి కూడా వినబడింది. ప్రేమమణి తలుపు తోసింది.

మంచం మీద ఒక ముసలావిడ మూతి వంకరపోయి నిద్రపోతోంది. మంచం పక్కన నేల మీద, నుదుట రూపాయంత బొట్టుతో ఇంకొకామె ఫోను పట్టుకొని కూర్చుంది. చీపురు గోడవారగా ఉంది.

“ఎవలమ్మా నువ్వు?”

“ప్రేమమణిని. నాలుగింటి ప్రేమమణిని. మీరు...?”

“నువ్వేనా అమ్మా! నేను ఎల్లమ్మను, ఈ ఇంట్ల పనిజేస్త. పెద్దమ్మకు పేరు రాయించిన రాత్రే మాట పడిపోయింది. గీ పేర్ల కాయిదం నా చేతుల వెట్టి, తెగొద్దన్నట్టు దండం వెట్టింది. చర్చోళ్ళకు చెప్తే పేరు కొట్టేస్తరని చెప్పలేదు. పగటి గోలి ఏస్తే ఐదింటిదాంక ఆమెకు సోయుండదు.”

“మరి... మూడు నుంచి నాలుగు దాకా ప్రార్థన ఎవరు చేస్తున్నారు?”

ఎల్లమ్మ సిగ్గుపడి కొంగుతో మొహం తుడుచుకుంది.

“నాకు మీ ప్రార్థన యాడొస్తదమ్మా! ‘దేవుడా, పెద్దమ్మ జాగల ఎల్లమ్మ కూసున్నది, జెర సూసుకో’ అంట. అంతే. ఎప్పుడు నాలుగైతదా, ప్రార్థన మంచిగొచ్చిన నీకు అప్పజెప్తనా అని గంటసేపు పరేషానైత.”