నయమైన మనిషి

“పాపను పరిగెత్తనివ్వకమ్మా. మందు పెంచిన రోజు ఒళ్లు వేడెక్కకూడదన్నారుగా!”

బూరుల్ చిరాగ్గా తల తిప్పింది. వ్యానులో వెనక సీటు మనిషి. పొద్దున బిష్కెక్ ఆసుపత్రి వరండాలోనూ ఇతనే కనబడ్డాడు. దారంతా ప్రశ్నలే. పాపకు ఏది పడదు, ఎప్పటినుంచి, ఇవాళ ఎంత పెంచారు...

“నా బిడ్డ సంగతి నాకు తెలుసు బాబాయ్. మీ టీ మీరు తాగండి.”

అతను నొచ్చుకోలేదు. నవ్వి ఊరుకున్నాడు.

బూమ్ లోయలో టీ కోసం ఆగింది వ్యాను. అంగడి ముందు కుక్కపిల్ల వెంట పడి పరిగెడుతోంది ఆరేళ్ల అక్మరాల్. పరిగెత్తకూడదని బూరుల్‌కూ తెలుసు. కానీ ఆ పిల్ల అలా నవ్వి ఎన్నాళ్లయింది! కాసేపు ఆడుకోనీ అనుకుంది.

అక్మరాల్‌కు పాలు పడవు. చుక్క తగిలినా పెదవులు వాచిపోతాయి, ఊపిరాడదు. ఆ పాలనే మందుగా, చుక్క చుక్కగా పెంచుకుంటూ పోయి ఒంటికి అలవాటు చేస్తున్నారు డాక్టర్లు. ఇంటి దగ్గర రోజూ పొద్దున్నే తాగించాల్సింది తల్లే.

“పాల మీద బతికే కిర్గిజ్ ఇంట పుట్టి పాలు పడకపోవడమేమిటే? అంతా మీ పుట్టింటి రక్తం,” అని అత్త దెప్పేది.

పిల్ల పరుపుల దొంతర వెనక దాక్కునేది. లాక్కొస్తే ఒకటే మాట.

“నన్నెందుకు చంపుతున్నావమ్మా?”

ఆ మాట విన్నాక కూడా గిన్నె నోటికి పెట్టాలి.

వ్యాను కదిలింది. లోయ దాటకముందే అక్మరాల్ మెడ గోక్కోసాగింది. చూస్తుండగానే ఒళ్లంతా దద్దుర్లు.

“అమ్మా, గొంతులో ఏదో అడ్డం పడింది.”

ఊపిరాడనప్పుడు పొడవమని డాక్టర్లిచ్చిన సిరంజీ, గాజు మందుబుడ్డీ సంచిలోంచి తీసింది బూరుల్. బుడ్డి మెడ విరవబోతే చేతుల్లోంచి జారిపోయింది. కాళ్ల దగ్గర పడి ముక్కలైంది.

ఉన్నది అదొక్కటే.

“ఆపండి! వ్యాను ఆపండి!”

ఎవరో నీళ్లు పట్టమన్నారు. ఎవరో వీపు రుద్దమన్నారు. వెనక సీటు మనిషి అందరినీ తోసుకుంటూ వచ్చాడు. కోటు లోపలి జేబులోంచి అట్టపెట్టె తీసి, సీలు పంటితో చింపాడు. లోపల లావుపాటి కలంలాంటి సూది.

“మూత తీయాలి. తొడకు ఆనించాలి. గట్టిగా నొక్కాలి,” అని పాఠం అప్పజెప్పినట్టు గొణుక్కున్నాడు.

“ఏం చేస్తున్నారు? ముట్టుకోకండి నా బిడ్డను!” బూరుల్ అతని చెయ్యి పట్టుకుంది.

“ఇదీ ఆ మందేనమ్మా. వదులు!”

టక్‌మంది సూది.

పిల్ల ఊపిరి మెల్లగా దారిలో పడింది. అంబులెన్స్ వచ్చేదాకా రోడ్డు పక్కన తల్లి ఒళ్లోనే పడుకుంది. అతను తన కోటు తీసి పిల్ల మీద కప్పాడు.

“ఇక చాలు,” అంది బూరుల్. “ఈ మందూ వద్దు, ఈ చావూ వద్దు. ఆపేస్తాను.”

“ఆపకమ్మా. నాదీ ఇదే బాధ. నా పేరు తుర్దుబేక్. అత్‌బాషీలో తేనెటీగలు పెంచుతాను. పెంచేదేమో ఈగల్ని, పడనిదేమో వాటి విషం! ఎంత అన్యాయమో చూడు.”

బూరుల్ మొదటిసారి అతని ముఖం వైపు సరిగ్గా చూసింది.

“ఆ ఆసుపత్రిలోనే ఈగ విషాన్ని కొంచెం కొంచెం ఎక్కించారు నాకూ. నయమైపోయింది. ఇప్పుడు ఈగ కుట్టినా చీమ కుట్టినట్టే.”

“మరి ఆ సూది?”

“ఊరికే జేబులో పడి ఉంది. ఇంక నాకెందుకు?”

అంబులెన్స్ వచ్చింది. ఆ హడావిడిలో కోటు తిరిగిచ్చింది గానీ, ఒక్క మంచి మాట కూడా చెప్పలేకపోయింది.

బూరుల్ మందు ఆపలేదు. మళ్లీ మొదటి చుక్క దగ్గరనుంచి మొదలుపెట్టింది. పిల్ల కక్కుకున్నా, గోళ్లతో రక్కినా, “చీమ కుట్టినట్టే, చీమ కుట్టినట్టే,” అని తనలో తాను అనుకుంటూ గిన్నె పట్టేది.

మరుసటి వేసవికి చెంచా పాల దగ్గర ఆగిపోయింది.

“ఇంతకుమించి ఒళ్లు ఒప్పుకోవడం లేదు,” అన్నాడు డాక్టరు. “ఇంతే కావచ్చు.”

ఇంతేనా? ఆ మనిషికి పూర్తిగా నయం కాలేదూ? ఎన్నాళ్లు పట్టిందో, ఎక్కడైనా ఇలాగే ఆగిపోయిందో, ఆగితే ఏం చేశాడో అతన్నే అడగాలి. బూరుల్ పిండి బిళ్లల్లాంటి వేడి వేడి బోర్సోక్‌లు వేయించి మూట కట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని అత్‌బాషీ వెళ్లింది. తేనె తుర్దుబేక్ అంటే అక్కడ అందరికీ తెలుసు.

పెరట్లో తేనెపెట్టెలు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. అతని భార్య ఎదురొచ్చింది.

“ఆయన లేరమ్మా. పోయిన వేసవిలో పోయారు. ఈగ కుట్టింది.”

“ఈగ కుట్టా?” బూరుల్‌కు అర్థం కాలేదు. “ఆయనకు నయమైపోయిందిగా అక్కా! పోయిన వేసవిలో, బిష్కెక్ నుంచి వచ్చే వ్యానులో ఆయనే చెప్పారు నాతో.”

ఆవిడ అక్మరాల్‌ను దగ్గరకు తీసుకుని తల నిమిరింది.

“నయమవడమేమిటమ్మా, ఆయనకు ఆ మందు మొదలుపెట్టిందే ఆ రోజు.”