కొత్తపట్నం గాలి

"ఇదే ఆఖరి డబ్బా దేవకుమారీ. ఈ గ్యాసూ కారిపోతే ఇక నా వల్ల కాదు," అన్నాడు జోసఫ్.

అరుగు మీద కూర్చున్న భార్యకు జవాబు చెప్పడానికి దగ్గు తెరిపి ఇవ్వలేదు. గోడ అవతల ఆదెయ్య కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి ఇటు తిరిగితే చాలు, ఘాటు ఇల్లంతా పట్టేస్తుంది. ముప్ఫై ఏళ్ళు కూలికి మిరపకాయల తొడిమలు తీసిన మనిషి ఆమె. కాయలు ఎండినన్నాళ్ళూ ఊళ్ళో ఉంచితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

జోసఫ్ కారు కిందికి సులువుగా దూరి, ఏసీ గొట్టాల అతుకులకు సబ్బునీళ్ళు పూసి చూశాడు. బుడగలు రాలేదు. బయటికొచ్చి ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ ఫుల్లుగా పెట్టి, గ్యాసు డబ్బా పైపు తగిలించాడు. గేజ్ ముల్లు వణికి, మెల్లగా పచ్చగీత దాకా పాకి ఆగింది. చల్లగాలి చేతికి తగిలేసరికి జోసఫ్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

"పోయినేడు నేను ఆస్పత్రిలో ఉంటే దీనికున్నవన్నీ ఊడదీసి అమ్మావు. ఈ ఏసీ ఎట్లా మిగిలిందయ్యా?"

"నీకోసమే మిగిలింది. లే, పోదాం."

"ఎక్కడికి? పది రోజులు మనల్ని ఎవరు ఉంచుకుంటారు?"

"కొత్తపట్నం. సముద్రం ఒడ్డున మిరపకాయలు ఉండవు."

ఆమె చిన్నగా నవ్వి, మందుల సంచి, నీళ్ళ సీసా తీసుకుంది. జోసఫ్ ఎత్తుపీట వేసి, చెయ్యి పట్టి కారెక్కించాడు. ఎండ పడకుండా పక్క అద్దాలకు పాత చీరలు కట్టాడు.

ఆదెయ్య గోడ మీంచి తొంగిచూశాడు. "ఒరేయ్ జోసఫూ, ఇంకో పది రోజుల్లో కాయ ఎత్తేస్తాంరా. ఏమనుకోమాక."

"నీ పంట నువ్వు ఎండబెట్టుకోవాలిగా, ఏమనుకుంటాను?" అంటూ జోసఫ్ కారెక్కి తలుపు వేసుకున్నాడు. ఆదెయ్య తల దించుకుని వెళ్ళిపోయాడు.

లోపల ఘాటు లేదు. దేవకుమారి వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

"దర్శి దాటామా?"

"దాటాం."

చాలాసేపటికి దగ్గు పూర్తిగా ఆగింది.

"ఒంగోలు?"

"అదీ దాటాం. గాలి చల్లగా లేదూ?"

"ఉంది," అంది. ప్రభువుకు స్తోత్రం అని గొణుక్కుని, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

జోసఫ్ స్టీరింగ్ మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇటుకల మీద నిలబెట్టిన ఆ కారుకు చక్రాలు లేవు.