నాన్న గుడారం

"ఆ గుడారాన్ని ఈసారి ఇంటికి తీసుకెళ్ళే ప్రసక్తే లేదు. దారిలో చెత్త పారేసే చోట ఆపి, పడేసి పోదాం," అన్నాడు డారిల్, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి గాలం విసురుతూ.

ఒడ్డున కూర్చుని కాళ్ళకంటిన ఇసుక దులుపుకుంటున్న చెల్లెలు నెరిడా చివాలున తలెత్తింది.

"నాన్న గుడారాన్నా? ముందు నిన్ను పడెయ్యాలి."

"ఎప్పుడో పడెయ్యాల్సింది. వాన పడితే చాలు, సరిగ్గా నా ముక్కు మీదే కారేది. నువ్వేమో అమ్మ పక్కన పొడిగా పడుకుని గుర్రు పెట్టేదానివి."

"అందుకేగా అమ్మ నీ మొహం మీద గొడుగు తెరిచి పెట్టింది!"

"మరి చీమలో?"

"దుప్పటి కింద జామ్ రొట్టె దాచుకుంటే చీమలు రాక చుట్టాలొస్తారా?"

డారిల్‌కు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"చిన్నప్పటి ముచ్చట్లు బాగానే ఉంటాయి. నాన్నను చూశావా? గుడారం మేకులు కొట్టడానికే పొద్దంతా పట్టింది. చేతులు వణుకుతున్నాయి. నేను కొడతానంటే సుత్తి ఇవ్వడు. వచ్చే వేసవికి ఆయన్ని మంచం, పైకప్పు ఉన్న గదిలో పడుకోబెడతాను. ఇక గుడారంతో పనేంటి?"

"ఒకసారి తుఫానొస్తే నడిమి గుంజను కావలించుకుని తెల్లార్లూ నిలబడ్డాడు అన్నయ్యా ఆయన. మనకు భయం వెయ్యకుండా పాటలు కూడా పాడాడు. అలాంటి మనిషికి చెప్తావా ఈ మాట?"

"చెప్తాను. ఈ సాయంత్రమే చెప్తాను. ఆయన పని అయిపోయిందని ఎవరో ఒకరు..."

మాట పూర్తి కాలేదు. వీపు మీద ఎవరో చరిచినట్టు చల్లగాలి తగిలింది. ఇద్దరూ వెనక్కి తిరిగారు. చుట్టచుట్టిన పరుపులా నల్లటి మబ్బు ఒకటి దక్షిణం నుంచి తీరం వెంబడి దొర్లుకుంటూ వస్తోంది. వాదులాటలో పడి ఇద్దరూ అటు చూడనే లేదు.

"నాన్న ఒక్కడే ఉన్నాడు!" అని అరిచి నెరిడా లేచి పరుగెత్తింది. డారిల్ గాలం అక్కడే వదిలేశాడు.

ఇసుక దిబ్బ ఎక్కేసరికి గుడారాల విడిది అంతా గాల్లో ఉంది. కుర్చీలు, ఐసు పెట్టెల మూతలు, ఎవరివో ఈత బట్టలు పల్టీలు కొడుతూ పోతున్నాయి. కళ్ళు తెరిస్తే చాలు, పిడికెడు ఇసుక.

"నాన్నేడీ?"

"కార్లో ఉన్నాడు! అదిగో!"

అద్దం వెనక మెర్విన్ తెల్లజుట్టు లీలగా కనిపించింది. కారు హారన్ గట్టిగా మోగింది.

"హమ్మయ్య! అన్నయ్యా, గుడారం!"

ఆకుపచ్చ కాన్వాసు ఒక పక్క మేకులన్నీ ఊడిపోయి, పట్టుబడ్డ తిమింగలంలా ఎగిరెగిరి పడుతోంది. మరొక్క విసురొస్తే సముద్రంలోకే. ఇద్దరిలో ముందు దాని మీదకు దూకింది డారిలే.

"మా నాన్న గుడారాన్ని పట్టుకుపోతావా? రావే, చూస్తాను!" గాలినే తిడుతూ కాన్వాసు మీద బోర్లా పడ్డాడు. తాడు అరచేతిని కోసింది. వదల్లేదు.

నెరిడా లోపలికి దూరి నడిమి గుంజను కావలించుకుంది. గుంజ ఆమెను అటూ ఇటూ ఊపేసింది. భయం వేసింది. నాన్న ఆనాడు పాడిన పాట నోటికి రాలేదు. వచ్చిన పాటేదో గొంతెత్తి పాడింది. బయటి నుంచి డారిల్ అంతకంటే గట్టిగా, అంతకంటే అపశ్రుతిలో అందుకున్నాడు. కారు హారన్ ఆగకుండా మోగుతూనే ఉంది.

"విన్నావా? నాన్న మనకు తాళం వేస్తున్నాడు!"

"ఆయన చూస్తుండగా వదిలేస్తామా? పట్టుకో చెల్లీ!"

వాన దంచి కొట్టింది. కొట్టి కొట్టి, వచ్చినంత హఠాత్తుగా పోయింది. మబ్బు కింద నుంచి ఎండ తొంగిచూసింది. చుట్టుపక్కల గుడారాలన్నీ చెట్లకు, కంచెలకు వేలాడుతున్నాయి. ఆ వరసలో నిలబడి ఉన్నది ఇదొక్కటే. దూరం నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

డారిల్ రాయి తీసుకుని మేకులన్నీ మళ్ళీ దిగ్గొట్టాడు. తడిసిన కాన్వాసుకు మొహం ఆనించి గుండెల నిండా గాలి పీల్చాడు. కళ్ళు చెమర్చాయి.

"అదే వాసన నెరిడా! మన చిన్నప్పటి వాసన. ఇదిగో చూడు, మూలన అమ్మ వేసిన అతుకు! దీన్ని పడేస్తానన్నానా నేను? నా మనవలు కూడా ఇందులోనే పడుకుంటారు. ముక్కు మీద కారితే కారనీ."

నెరిడా తడి చేతులతో అన్నను కావలించుకుంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా బురదలో గంతులేశారు.

మెర్విన్ కారు తలుపు తోసుకుని మెల్లగా దిగాడు. కర్ర ఊతంతో నీటి గుంటలు దాటుకుంటూ వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని గుడారం చుట్టూ ఒకసారి తిరిగాడు. బిగుతుగా ఉన్న తాడును వేలితో మీటి చూశాడు.

"శభాష్! నేను కూడా ఇంత గట్టిగా కట్టలేను," అన్నాడు.

డారిల్ ఛాతీ ఉబ్బింది. "నీ బిడ్డలం కదా నాన్నా!"

"అది సరే గానీ, ఇంతకీ ఎవరిదర్రా ఇది? మబ్బు కనబడగానే మనదాన్ని విప్పి, మడిచి కార్లో పెట్టేశాను. ఇందాకట్నుంచి అది చెబుదామనే హారన్ కొట్టి చస్తున్నాను!"